ఫిల్మ్ నగర్‌లో ప్లాటినం పూస

మా వంశంలో సినిమావాళ్ళ గుమ్మం తొక్కిన మొదటివాణ్ణి నేనే. మా ముత్తాతగారి కాలంలో నాటకాలవాళ్ళే మా దివాణానికి వచ్చి, ఆడి, బట్టలు పెట్టించుకుని వెళ్ళేవారు. వంశధార ఒడ్డున మాది చిన్న జమీ. ఇప్పుడు దివాణంలో సగం ధాన్యం గోదాము, ఏనుగుల శాలలో మొబైల్ రీఛార్జి దుకాణం. నేను దగ్గరి పట్నంలో కాలేజీ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. ఎవరి జాలి కోసమూ ఇది రాయడం లేదు. దారి గురించి చెప్పేముందు నడిచినవాడెవరో చెప్పుకోవడం మా పద్ధతి.

నేను చాలా ఏళ్ళుగా చూస్తున్నది ఒకే ఒక్క విషయం. ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద కార్బన్ మోనాక్సైడ్ అతుక్కుని కూర్చుంటుంది. దాన్ని ఆక్సీకరించి, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి పంపేయాలంటే వోల్టేజీ పెంచాలి. ఎంత పెంచాలన్నది వేడిని బట్టి మారుతుంది. చల్లగా ఉంటే ఎక్కువ కావాలి, వెచ్చగా ఉంటే తక్కువ చాలు. వోల్టేజీ పెరిగేకొద్దీ కంప్యూటర్ తెర మీద ఎడమనుంచి కుడికి సాగే గీతలో ఒక మూపురం లేస్తుంది. మోనాక్సైడ్ వెళ్ళిపోయిందనడానికి అదే సాక్ష్యం. వెచ్చగా ఉన్నప్పుడు ఆ మూపురం ఎడమకు, అంటే ముందుగా వస్తుంది. ఈ సంగతి మీద నేనిచ్చిన ఉపన్యాసమొకటి మా విద్యార్థులు ఇంటర్నెట్‌లో పెట్టారు. దాన్ని చివరిదాకా చూసిన ఏకైక వ్యక్తి దీవెన అని నా అనుమానం. ఆమె హైదరాబాదులో సినిమా దర్శకుల దగ్గర సహాయకురాలు. తన సినిమాలో ఒక సన్నివేశం కోసం రమ్మని ఫోన్ చేసింది. అబద్ధం చూపించనంటే వస్తానన్నాను. అందుకే పిలుస్తున్నానంది.

ఎర్రగడ్డ, మోతీనగర్

గాజు పాత్రను పంచెల మడతల్లో చుట్టి, వోల్టేజీ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని రైల్లో వచ్చాను. మెట్రో స్టేషన్‌లో సంచీ తెరిపించారు. గార్డు పంచెలన్నీ విప్పి, చివరికి ప్లాటినం పూస ఉన్న సీసా వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇదేంది సార్?"

ప్లాటినం అని చెప్పాను.

"గింతదేనా?" అని సీసా తిరిగి ఇచ్చేశాడు. అతని ముఖంలో నిరాశ స్పష్టంగా కనిపించింది. మినప్పప్పు గింజంత పూస అది. ప్లాటినం తీగ కొసను మంటలో కరిగిస్తే దానంతటదే గుండ్రంగా ముడుచుకుని, చల్లారేటప్పుడు చక్కటి స్ఫటికం అవుతుంది. ఆ సంగతి అతనికి చెబుదామనుకున్నాను గాని వెనక క్యూ పెద్దదైపోయింది.

ఎర్రగడ్డ మెట్లు దిగగానే ఉల్లిపాయల గుట్టలు, ప్లాస్టిక్ బకెట్లు, ఆసుపత్రికి వెళ్ళే జనం, ఆటోల కూతలు. దీవెన నా పెట్టె అందుకోబోయింది, నేనివ్వలేదు. ఆటోలో మోతీనగర్ వెళ్తూ తన సంగతి చెప్పింది. పదేళ్ళుగా ఇతరుల సినిమాల్లో సన్నివేశాలు రాస్తోంది, మాటలు దిద్దుతోంది. తెర మీద ఆమె పేరు ఎప్పుడూ పడలేదు. ఈ సినిమాలో నాయిక, ప్లాటినం మీద హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఇంధన ఘటాల మీద పనిచేసే శాస్త్రవేత్త. ప్రయోగశాల సన్నివేశం దీవెన రాసింది. నిర్మాత ఒక షరతు పెట్టాడు. ఆమె రాసినట్టు యంత్రం మీద గీత నిజంగా లేస్తే, సినిమా మొత్తానికి మాటలు ఆమె పేరు మీదే పడతాయి. లేవకపోతే రంగునీళ్ళ సీసాలు, పొగ, పాత రచయిత.

"లేస్తుంది కదా సార్?" అని అడిగింది.

గీతలు నా మాట వింటాయని చెప్పలేను, సైన్సు మాట మాత్రం వింటాయని చెప్పాను. ఆమెకు ఆ జవాబు అంతగా నచ్చినట్టు లేదు.

ఆమె తల్లి ఎస్తేరమ్మ గారు భీమవరం వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. రాత్రి భోజనానికి చేపల పులుసు, గోంగూర పెట్టింది. ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా దివాణంలో అతిథిని ఏదైనా మూడుసార్లు అడుగుతారు. మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం వంశమర్యాద. మూడోసారి ఒప్పుకోవడం అడిగినవారి మీద దయ. ఎస్తేరమ్మ గారి ఆచారం వేరు. ఆవిడ అసలు అడగదు, వడ్డించేస్తుంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఆ చేతిమీద వడ్డించే రకం.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక చూశాను, తల్లీకూతుళ్ళు కళ్ళు మూసుకుని ఉన్నారు. నమలడమా, ఆపడమా తెలియక బుగ్గలో ముద్దతో నేనూ కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన భోజనంతో మొదలై నా సంచీ దాకా వచ్చింది. "ప్రభువా, ఈ బాబుగారు తెచ్చిన పూస మీద నీ చెయ్యి ఉంచు. ఎల్లుండి ఆ గీత లేవనెత్తు. నా బిడ్డ పేరు ఒక్కసారి నా కళ్ళతో చదువుకోనీ." ఆమెన్ అనేటప్పుడు నా నోరు ఖాళీగా లేదు. మనసులో అనుకున్నాను.

జూబ్లీహిల్స్

మర్నాడు సినిమా కంపెనీ ఆఫీసు. జూబ్లీహిల్స్ వీధులు ఎత్తుపల్లాలుగా, గుట్టల మీద పరిచినట్టుంటాయి. గోడలు ఎంత ఎత్తంటే లోపల ఇళ్ళున్నాయని నమ్మకం మీద అనుకోవాల్సిందే. కుక్కలను నడిపించడానికి మనుషులున్నారు, ఆ మనుషులకు యూనిఫారం ఉంది. ఏ గేటు మీదా ఇంటాయన పేరు లేదు. మాకు గేటు పోయి చాలా కాలమైంది గాని స్తంభం మీద పేరు అలాగే ఉంది. ఈ రెండింటిలో ఏది మెరుగో నాకు తెలుసు, రాయను. మూలమీద ఒక కాఫీ హోటల్లో కప్పు కాఫీకి మూడు వందలు తీసుకున్నారు. పైన నురుగు మీద ఆకు బొమ్మ వేసి ఇచ్చారు. చెరపడం ఇష్టంలేక చాలాసేపు తాగలేదు, ఈలోగా చల్లారిపోయింది.

ప్రొడక్షన్ మేనేజర్ పేరు యాదగిరి. షూటింగ్‌కు ఏది కావాలన్నా క్షణాల్లో తెప్పించే మనిషని దీవెన ముందే చెప్పింది. ఒకసారి ఒంటె కావాలంటే మధ్యాహ్నానికల్లా రెండు తెచ్చాడట, ఒకటి నచ్చకపోతే ఇంకొకటి ఉంటుందని. నన్ను చూడగానే చాయ్ తాగుతారా అని అడిగాడు. మొదటి ప్రశ్న కదా, వద్దన్నాను. అతను సరేనని చాయ్ కుర్రాణ్ణి పంపేశాడు. రెండో ప్రశ్న కోసం కాసేపు ఎదురు చూశాను. రాలేదు. తర్వాత పెన్ను తీసి, "రేపటికి ఏమన్న సామాన్ కావాల్నా రాజు సార్? ఇప్పుడే చెప్పుండ్రి, పొద్దుగాల్ల రెడీ పెట్టిస్త" అన్నాడు.

నాకు కావలసినవి ఉన్నాయి. కాని వచ్చిన మొదటి పూటే కోరికల చిట్టా విప్పే ఇంట్లో పుట్టలేదు నేను. ఏమీ వద్దన్నాను. యాదగిరి పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. భోజనాల దగ్గరా అదే జరిగింది. చివరకు నిర్మాతగారి గదిలోకి ఖాళీ కడుపుతో, నిటారైన వెన్నుతో వెళ్ళాను.

నిర్మాతగారు సోఫాలో వెనక్కి వాలి, ఈ మోనాక్సైడు గొడవ తనకు అర్థమయ్యేలా చెప్పమన్నారు. చెప్పాను. ఆడియో ఫంక్షన్లో ముందు వరుస సోఫాలున్నాయి. పనిలేని చుట్టాలు ముందే వచ్చి కూర్చున్నారు. అసలు పని ఉన్న హైడ్రోజన్‌కు చోటు లేదు. ఆ చుట్టాలే కార్బన్ మోనాక్సైడ్. వాళ్ళను లేపాలంటే పక్కన ఒక ఖాళీ సీటులో నీటినుంచి వచ్చిన ఒక ముక్క కూర్చుని, వాళ్ళలో ఒకరిని చెయ్యి పట్టుకుని బయటకు తీసుకుపోవాలి. హాలు చల్లగా ఉంటే ఎవరూ కదలరు, ఖాళీలు పడవు, గట్టిగా నెట్టాలి. ఆ నెట్టడమే వోల్టేజీ. హాలు వేడెక్కితే అటూ ఇటూ కదులుతారు, నీటిముక్కలు తొందరగా వస్తాయి, కొద్దిగా నెడితే చాలు.

"మా ఫంక్షన్లలో ఏసీ ఆపేస్తే సరిపోతుందంటారు," అన్నారు నిర్మాతగారు.

సరిగ్గా అంతే అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, నా ప్లాటినం మా తాతగారి తలపాగా తురాయిలోదని పత్రికలవాళ్ళకు చెబితే ప్రచారం బాగుంటుందన్నారు. నగల ప్లాటినంలో వేరే లోహాలు కలుస్తాయి, అది ఈ పనికి పనికిరాదు, ఇది నా జీతంతో కొన్న తీగ అని చెప్పాను. తాతగారి తురాయి ఎప్పుడో ఎటో పోయిందని చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఫిల్మ్ నగర్

ఫిల్మ్ నగర్ రోడ్ల మీద నడిచేవాళ్ళందరూ కార్లలోకి చూస్తారు, కార్లలోవాళ్ళు ఎవరినీ చూడరు. నల్లద్దాల కార్లు, జనరేటర్ వ్యాన్లు, దుస్తుల పెట్టెలతో ఆటోలు వరసగా మిట్ట ఎక్కుతుంటాయి. మా కారు స్టూడియో గేటు దగ్గర ఆగితే ఇద్దరు కుర్రాళ్ళు కిటికీకి ముఖాలానించి నన్ను పరిశీలించారు. ఒకడు రెండోవాడితో, "కొత్త విలన్ ఫాదర్ గావచ్చురా" అన్నాడు. మీసం సవరించుకున్నాను.

ఫ్లోరులో వేసిన ప్రయోగశాల మా కాలేజీ ప్రయోగశాలకన్నా చాలా శుభ్రంగా ఉంది. సీసాల నిండా నీలం, ఎరుపు నీళ్ళు. అవేమిటని అడిగితే నీలం, ఎరుపు అన్నారు. చలి మాత్రం భరించలేనిది. దీపాల వేడికి మేకప్ కరగకూడదని ఏసీని పూర్తిగా తిప్పేశారు. శాలువా కప్పుకున్నాను. చలికాదు, ఆచారమని అందరికీ అనిపించేలా కప్పుకున్నాను.

విషవాయువు సిలిండరేదీ నేను తేలేదు. పలుచని ఆమ్లంలో రెండు చుక్కల మిథనాల్ వేస్తే ప్లాటినమే దాన్ని విడగొట్టి, తన ఒంటిమీద మోనాక్సైడ్‌ను తానే పరుచుకుంటుంది. తర్వాత ఆ ద్రవం తీసేసి శుభ్రమైన ఆమ్లం పోస్తే ప్రయోగం సిద్ధం. పూసను మంటలో కాల్చాను. నారింజ రంగులో మెరిసింది. కెమెరామన్ అప్పుడే మొదటిసారి నావైపు గౌరవంగా చూశాడు.

నాయిక వచ్చింది. ఏ తెలుగు కథానాయికకైనా ఉండేంత హడావిడి ఆమె వెనకా ఉంది గాని మనిషి మాత్రం తిన్నగా వచ్చి నా పక్క స్టూలు మీద కూర్చుని, ఏ మీట ఎందుకు నొక్కాలో అడిగింది. సాయంత్రం ఆమెకు వేరే షూటింగు, తొందరగా వెళ్ళిపోవాలి. కెమెరా తిరిగింది. ఆమె మీట నొక్కింది. గీత కదిలి, చాలాదూరం బల్లపరుపుగా సాగి, కుడివైపు ఎక్కడో మూపురం కట్టింది. ఇది చల్లటి గీత. ఫ్లోరు ఏసీ నాకు ఉచితంగా చేసిన సాయం అదొక్కటే.

ఇక వెచ్చటి గీత. పూసకు మిథనాల్‌తో మళ్ళీ మోనాక్సైడ్ పట్టించి, ఆమ్లం మార్చాను. నా గాజు పాత్రకు రెండు గోడలుంటాయి. గోడల మధ్య వేడినీళ్ళు పోస్తే లోపలి ఆమ్లం వేడెక్కుతుంది. నేను వెనక్కి తిరిగి వేడినీళ్ళ కోసం చూశాను. అంటే, ఎవరైనా తెచ్చి ఉంటారని చూశాను. ఎవరూ తేలేదు.

దీవెన నెమ్మదిగా అడిగింది, "సార్, వేడినీళ్ళు చెప్పారు కదా?"

యాదగిరి ముందుకొచ్చాడు. "నేనడిగిన గద మేడం నిన్న. సారే ఏమొద్దన్నరు."

ఒక్కసారే అడిగారన్నాను.

"ఒక్కపాలే అడుగుత గద సార్," అన్నాడు యాదగిరి, నిజంగా అర్థంకాక. "వద్దంటే వద్దనే గద?"

మా జిల్లాలో కాదని వివరించాను. మూడుసార్ల సంగతంతా చెప్పాను. అంతలో లైట్‌మన్‌లలో ఒకాయన, "అంటే సారు నిన్నటి సంది ఏం తినలే?" అన్నాడు. పొద్దున కంపెనీవాళ్ళు దింపిన గెస్ట్‌హౌస్‌లో రెండు అరటిపండ్లు తిన్నానని సరిచేశాను. నవ్వులు ఎక్కడెక్కడినుంచో వచ్చాయి. పైన దీపాలు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు.

దీవెన నవ్వలేదు. కారవాన్‌లో గీజర్ ఉందిగాని వేడెక్కాలి, కెటిల్ తేవాలంటే ఆఫీసు దాకా పోవాలి. నాయిక మేనేజర్ గడియారం చూస్తున్నాడు. వెనకనుంచి నిర్మాతగారి గొంతు వినిపించింది, మృదువుగానే. "పొగ మిషను తెప్పించవయ్యా యాదగిరీ. ఆ అమ్మాయి కష్టపడింది, కాదనను. కానీ టైం లేదు."

దీవెన తన కాగితాలను మడిచింది. దబాయించడమో ఏడవడమో చేస్తే నాకు తేలికగా ఉండేది. ఆమె కాగితాలను చాలా జాగ్రత్తగా, మూలలు కలిపి మడిచింది.

అప్పుడు ఫ్లోరు తలుపు పక్కన నాకు చాయ్ బల్ల కనిపించింది. పాలు తాగని నాయిక కోసం పెద్ద కెటిల్ నిండా సులేమానీ చాయ్ కాచి పెట్టారు. పాలు లేని, ఎర్రటి, పారదర్శకమైన చాయ్. ఆవిరి లేస్తోంది. ఎవరూ నన్ను ఏమీ అడగడం లేదు. మా వంశంలో ఎదుటివారు అడగకుండా తానై అడిగినవాడు నాకు తెలిసి లేడు. గొంతు సవరించుకున్నాను.

"యాదగిరి గారూ, నాకు చాయ్ కావాలి."

అతని ముఖం విప్పారింది. "ఇప్పుడైందా సార్ దూప! ఎన్ని కప్పులు?"

"కెటిల్ మొత్తం."

గాజు గోడల మధ్య చాయ్ పోశాం. థర్మామీటరు ఎక్కసాగింది. చల్లారినదాన్ని తీసి మళ్ళీ వేడిది పోశాం. యాదగిరి రెండో కెటిల్ కూడా ఎక్కడినుంచో పట్టుకొచ్చాడు. నిర్మాతగారు దగ్గరికొచ్చి, అబద్ధం చూపించకూడదన్న పెద్దమనిషి ప్రయోగశాలలో చాయ్ పోస్తున్నాడేమని ఎత్తిపొడిచారు. గోడల మధ్య ఉన్నది ఏదైనా సరే, లోపలి పూసకు దాని వేడి మాత్రమే తెలుస్తుందని, రుచి తెలియదని చెప్పాను. కెమెరామన్ అప్పటికే ఒక దీపాన్ని పాత్ర వెనకకు జరిపించాడు. గాజు తేనెరంగులో వెలిగింది. నీలం ఎరుపు సీసాలను బల్లమీదనుంచి తీసేయమన్నాడు.

దీవెన కాగితాలు విప్పింది. నాయిక చెవిలో ఏదో చెప్పింది. కెమెరా తిరిగింది. నాయిక చాయ్ పోస్తూ, కాగితంలో అంతకుముందు లేని మాటలు అంది: "ల్యాబ్‌లో వేడినీళ్ళు లేవు. చాయ్ ఉంది. చల్లగా ఉంటే ఎవరూ సీటు వదలరు. కాస్త వెచ్చదనం తగిలితే వాళ్ళే లేస్తారు."

మీట నొక్కింది. గీత కదిలింది. ఎస్తేరమ్మ గారి ప్రార్థన గుర్తొచ్చింది గాని ఆ వేళ నా నోరు ఖాళీగానే ఉంది, ఆమెన్ అనగలిగాను. ఇందాకటి చోటుకు చాలా ముందే, ఎడమవైపు, మూపురం లేచింది.

నిర్మాతగారు వంగి చూశారు. "ఇంతేనా? దోమ కుట్టినట్టుంది."

నేను నోరు తెరిచేలోగా నాయిక తెర మీద రెండు మూపురాలనూ వేలితో చూపించింది. "అది చలిలో, ఇది చాయ్‌లో. ఇది ముందుకు జరిగింది కదా సార్? అంటే తొందరగా లేచి వెళ్ళిపోయినట్టేగా? నాకే అర్థమైంది." తర్వాత స్టూలు దిగుతూ, "ఆ పొగ సీన్ అయితే నేను చెయ్యను," అంది.

నిర్మాతగారు ఆమెను చూశారు, గీతను చూశారు, చివరకు దీవెనను చూశారు. "లేచిందమ్మా," అన్నారు. "మాటలు నీవే. పేరూ నీదే. ఆ దోమకాటును గ్రాఫిక్స్‌లో కొంచెం పెద్దది చేసుకుంటాను, రాజుగారు ఒప్పుకుంటే." భూతద్దంలో చూపించినంత పెద్దదైతే ఒప్పుకుంటానని, స్థానం మాత్రం జరపకూడదని చెప్పాను. జరపనన్నారు.

ఆ తర్వాత యాదగిరి బిర్యానీ పొట్లం తెచ్చి, నా ముందు నిలబడి, వరసగా మూడుసార్లు తింటారా తింటారా తింటారా అని అడిగి, జవాబు వినకుండా బల్లమీద పెట్టి వెళ్ళాడు.

తిరుగుదారి

ఎర్రగడ్డ స్టేషన్ దాకా తల్లీకూతుళ్ళు వచ్చారు. దీవెన రాత్రంతా సరిగా నిద్రపోలేదట, కళ్ళు వాచి ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. మెట్ల దగ్గర ఎస్తేరమ్మ గారు నన్ను కాస్త పక్కకు పిలిచింది. దారిలోకి అరిసెలు కట్టి ఇచ్చింది. అవి కాదు అసలు సంగతి.

"బాబుగారూ, ఆ పేరు తెరమీద ఎంతసేపు ఉంటుందండీ?"

రెండు మూడు క్షణాలు ఉంటుందేమో అన్నాను.

ఆవిడ కొంగు సవరించుకుంది. "చదువు నాకు కొద్దిగానే వచ్చండీ. బైబిలైతే వేలు పెట్టుకుని చదువుకుంటాను. తెరమీద వేలు పెట్టలేను కదా. పిల్లను అడిగితే నవ్వుతుంది."

సంచీ కింద పెట్టి, అక్కడే మెట్ల మీద నిలబడి యాదగిరికి ఫోన్ చేశాను. దీవెన పేరు తెరమీద మిగతావాళ్ళ పేర్లకన్నా కొంచెం ఎక్కువసేపు ఉండాలని, అది నేను కోరుతున్నానని చెప్పాను.

"ఎంతసేపు ఉంచమంటరు సార్?"

"ఒక తల్లి కూడబలుక్కుని చదువుకునేంత."

అవతల పెన్ను టక్కుమన్న చప్పుడు వినిపించింది.

"అయితది సార్," అన్నాడు.